బొమ్మ లేని మాస్టారు

పరవాడ నుంచి వచ్చే మా మందుల కంపెనీ బస్సులో సాయంత్రం పూట రెండే వాసనలుంటాయి. ఒకటి మందులది, రెండోది నిద్రది. మొన్న అనకాపల్లి బెల్లం మార్కెట్ పక్కన బస్సు నెమ్మదించినప్పుడు కిటికీలోంచి మూడోది వచ్చింది. కొత్త బెల్లం వాసన, అందులో కాస్త పొగ. అదే క్షణాన ఎక్కడో మసీదులో సాయంకాలపు అజాన్ మొదలైంది. నాకు ఖాదర్ మాస్టారు గుర్తొచ్చారు. ఉన్నమాట చెప్పాలంటే ముందు ఆకలి వేసింది, ఆ తర్వాత ఆయన గుర్తొచ్చారు.

ఖాదర్ మాస్టారు మా మునిసిపల్ హైస్కూల్లో సోషల్ చెప్పేవారు. మా ఎనిమిదో తరగతి నాటికి రంజాన్ వానాకాలంలో వచ్చేది. పగలంతా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా పాఠాలు చెప్పి, బడి వదిలాక వెనకబడ్డవాళ్ళకు చీకటి పడేదాకా మళ్ళీ చెప్పేవారు. ఆ తరగతిలో నాకు శాశ్వత సభ్యత్వం ఉండేది. అజాన్ వినబడగానే జేబులోంచి కాగితం పొట్లం తీసి, అందులోని బెల్లం ముక్క విరిచి ముందు మా చేతుల్లో పెట్టి, తర్వాత తాను నోట్లో వేసుకునేవారు. కుర్చీలో కూర్చుని మూడు గుక్కల్లో నీళ్ళు తాగేవారు. అప్పుడు మసీదుకి వెళ్ళేవారు. ఖర్జూరంతో కదా ఉపవాసం విడుస్తారని నేనొకసారి నా జ్ఞానం ప్రదర్శించాను. "అదీ ఉంటాది ఇంటికాడ. అనకాపల్లిలో పుట్టి బెల్లాన్ని వొగ్గీమంటే ఎలాగరా?" అన్నారు.

ఇస్లాం పాఠం ఆ నెలలోనే వచ్చింది. మక్కాని ముందు మన ఊరే అనుకోమన్నారు. పంట పండని రాళ్ళ లోయ, బతుకంతా వ్యాపారం మీదే, మనకి లారీలున్నట్టు వాళ్ళకి ఒంటెల బారులు. ఆ ఊళ్ళో పుట్టకముందే తండ్రినీ, ఆరేళ్ళకే తల్లినీ పోగొట్టుకున్న పిల్లవాడు, పెద్దయ్యాక అందరూ నమ్మి సరుకు అప్పజెప్పే మనిషయ్యాడు. నలభయ్యో ఏట కొండ గుహలో ఒంటరిగా ఉన్నప్పుడు ఆయనకి దేవుడి నుంచి అందిన మొదటి ఆజ్ఞ చదవమని. ఆయనకి చదవడం రాదు. వణుకుతూ ఇంటికి వెళ్తే దుప్పటి కప్పి, మొదట నమ్మింది భార్య ఖదీజా. క్లాసంతా నిశ్శబ్దంగా వింటోంది. నిశ్శబ్దం నాకు పడదు. చదువు రానివారినే చదవమంటే ఇక మాబోటివాళ్ళ గతేమిటని అడిగాను.

"ఆయనకి రాదు. నీకు వొచ్చీ సదవవు. అదీ తేడా," అన్నారు మాస్టారు, పాఠం ఆపకుండానే.

ఆయనకో అలవాటుండేది. ఎవరు ఏ కబురు తెచ్చినా "ఎవరు సెప్పేరు? ఆడికెవరు సెప్పేరు?" అని మొదటిదాకా లాగేవారు. ప్రవక్త పోయాక ఆయన మాటల్ని పోగుచేసినవాళ్ళు ఇలాగే అడిగేవారట. ఎవరి నోట ఎవరు విన్నారో గొలుసులా కూర్చి, మధ్యలో ఒక్క అబద్ధాలకోరు తగిలినా ఆ మాటని పక్కన పెట్టేసేవారట. నా బెంచీ మిత్రుడు నూకరాజు బడికి రాకపోతే, గాలివానకి వాళ్ళ ఇంటి రేకులు ఎగిరి శారదా నదిలో పడ్డాయని నేను చెప్పాను. మాస్టారు గొలుసు లాగారు. రెండో ప్రశ్నకే తెగింది. నూకరాజు సినిమాకి వెళ్ళాడు. అప్పటినుంచి నేనేం చెప్పినా క్లాసంతా ఒకే గొంతుతో "ఎవరు సెప్పేరు?" అనేది.

తనిఖీకి అధికారులొస్తారని, మత స్థాపకుల చార్టు తయారుచేసే పని నాకూ నూకరాజుకీ అప్పగించారు. పుస్తకాల కొట్లో కత్తిరించి అంటించుకునే బొమ్మల కాగితాలు అమ్మేవారు. బుద్ధుడు దొరికాడు, మహావీరుడు దొరికాడు, ఏసుక్రీస్తు దొరికాడు. ప్రవక్త బొమ్మ మాత్రం ఎంత వెతికినా లేదు. కొట్టువాడు సరుకు సరిగ్గా తేలేదనుకున్నాం. చార్టులో గడి ఖాళీగా ఉంటే మార్కులు పోతాయి. అందుకని రాజుల కాగితంలోంచి ఒక గడ్డం రాజుని కత్తిరించి అంటించేశాం.

మాస్టారు వచ్చి చార్టు ముందు నిలబడ్డారు. నేను అరచేతులు ప్యాంటుకి రుద్దుకుంటూ బెత్తానికి సిద్ధమయ్యాను. ఆయన వేలు నీళ్ళలో ముంచి, ఆ బొమ్మ అంచులు తడిపి, ఎక్కడా చిరగకుండా మెల్లగా ఊడదీశారు.

"ఈ రాజుగారు ఏ తప్పూ సెయ్యలేదు. ఆయన పేజీకి ఆయన్ని పంపించీ," అని నా చేతిలో పెట్టారు. తర్వాత చెప్పారు. ప్రవక్తకి బొమ్మ వెయ్యరని, ఉంటే మనిషి దాని దగ్గరే ఆగిపోతాడని, తానూ మనిషినే, మొక్కు ఒక్క దేవుడికే అన్నదే ఆ ప్రవక్త చెప్పిన మొదటి సంగతని.

మరి బొమ్మ లేకపోతే ఎలా గుర్తుంటారని అడిగాను. ఆ ఒక్కసారి వెటకారంగా అడగలేదు.

"సూసినోళ్ళు సెప్పేరు. ఎలా నడిసీవోరు, ఎలా నవ్వీవోరు, నీళ్ళు ఎన్ని గుక్కల్లో తాగీవోరు. ఇష్టమైన మడిసిని మాటల్లో దాసుకున్నారు. మీ తాత పోయి ఏడాదయింది గదా, ఫొటో సూడకుండా నాకు సెప్పు, ఎలా నవ్వీవోడు?"

దండ వేసిన ఫొటో తప్ప నాకేమీ గుర్తు రాలేదు. అందులో తాత నవ్వడు. క్లాసులో నా దగ్గర జోకు లేకపోవడం అదే మొదటిసారి.

పాఠం చివర, ముస్లింల సంవత్సరాల లెక్క ప్రవక్త పుట్టుక నుంచీ కాదు, గెలుపు నుంచీ కాదు, సొంత ఊరు విడిచి మదీనాకి వెళ్ళిన ఏడాది నుంచి మొదలవుతుందని చెప్పారు. వెళ్తూ వెనక్కి తిరిగి మక్కాని చూసి, తరిమేయకపోతే నిన్ను విడిచేవాణ్ణి కాదన్నారట. అది చెప్పేటప్పుడు మాస్టారు కిటికీలోంచి బయటికి చూశారు. ఆ తర్వాత ఆ మతం సిరియాకీ, పర్షియాకీ, ఈజిప్టుకీ పోయిన తీరు చెబుతూ కత్తీ వెళ్ళింది, బేరమూ వెళ్ళింది, మన పడమటి తీరానికి బేరగాళ్ళే ముందొచ్చారు, పరీక్షలో రెండూ రాయండి అన్నారు. నా వలస పరవాడ దాకానే. సాయంత్రం కంపెనీ బస్సే తెచ్చి దింపేస్తుంది. అయినా రింగు రోడ్డు దాటాక ఒకసారి వెనక్కి చూస్తాను.

నిరుడు వానల్లో మాస్టారు పోయారు. షిఫ్టు దిగి వచ్చేసరికి ఖననం కూడా అయిపోయింది. పాత విద్యార్థులంతా బడి దగ్గర సంతాప సభ పెడదామన్నారు. ఇప్పుడు నూకరాజుది ఫ్లెక్సీల కొట్టు. మాస్టారి ఫొటో పంపమని నాకు ఫోన్ చేశాడు. ఎవరి దగ్గరా లేదు. ప్రతి గ్రూప్ ఫొటోలోనూ మేమంతా ఉన్నాం, తీసింది ఆయన. వాళ్ళమ్మాయి షమీమ్ అక్క దగ్గరికి వెళ్తే ఆధార్ కార్డు చూపించింది. అందులో మాస్టారు అప్పుడే ఏదో నేరం ఒప్పుకున్నట్టున్నారు. "నాన్నకి ఫొటో అంటే పడదు తమ్ముడూ. మీరు సూసింది సెప్పండి, సాలు," అంది అక్క.

ఆ కార్డుని ఫోన్లో తీసుకెళ్ళి చూపిస్తే నూకరాజు మాత్రం ఊరుకోలేదు. "దీన్నే పట్టుకుని కంప్యూటర్లో కొత్త మొకం సేసేత్తాను బావా. కొంచెం నవ్వించీసి, గడ్డం సరిజేసేత్తే ఎవులికి తెలుస్తాది?"

చెబుతూనే తెర మీద తయారు చేసేశాడు. నిగనిగలాడే ముసలాయన, మాస్టారి దుస్తుల్లో, ఎవరిదో నవ్వు నవ్వుతున్నాడు. ఎనిమిదో తరగతి గడ్డం రాజు మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

"ఈ రాజుగారిని ఆయన పేజీకి పంపించీ బావా," అన్నాను. వాడు నా మొహం చూసి, దాన్ని చెరిపేశాడు.

ఫ్లెక్సీ మీద తెల్లటి ఖాళీ గడి, కింద పేరు. దారినపోయేవాళ్ళు ప్రింటు సరిగ్గా పడలేదని నూకరాజుకి చెప్పి వెళ్ళారు. సభలో నన్ను మాట్లాడమన్నారు. సుద్దముక్క పట్టుకున్న చెయ్యి వీపు వెనక పెట్టుకుని నడిచేవారని చెప్పాను. నవ్వొస్తే పెదవుల మీద వేలు పెట్టుకునేవారు, ఆ సుద్ద మీసానికి అంటి మిగతా పీరియడంతా అలాగే ఉండేది. కుర్చీలో కూర్చుని నీళ్ళు మూడు గుక్కల్లో తాగేవారన్నాను. అది ప్రవక్త నీళ్ళు తాగిన తీరేనని అప్పుడు తెలిసింది. పద్నాలుగు వందల ఏళ్ళ గొలుసు ఒకటి మా క్లాసులో కుర్చీ మీద కూర్చుని నీళ్ళు తాగింది, మేమేమో బెల్లం చప్పరిస్తూ చూశాం.

ముందు వరసలోంచి నూకరాజు, అలవాటుగా, మెల్లగా అడిగాడు: "ఎవులు సెప్పేరు?"

"నేను సూసేను," అన్నాను. ఎవరూ నవ్వలేదు.

మొన్న బస్సు దిగి చిన్న బెల్లం ముక్క కొన్నాను. విరిచి సగం పక్కవాడికిచ్చాకే తిన్నాను. మాస్టారి గొంతు ఇప్పటికే నా గుర్తులోంచి కొంచెం జారిపోతోంది. అందుకే రాసిపెడుతున్నాను. ఊరంతా అబద్ధాలకోరని పేరున్నవాణ్ణి, ఈ గొలుసులో మొదటివాణ్ణి నేనే అయ్యాను. మిగతా విషయాల్లో నన్ను నమ్మకండి. ఆ సుద్ద అంటిన మీసం మాత్రం నేను చూశాను.