వివరాలతో సహా

కరుణించు మావయ్యకు ఒకే ఒక్క పిచ్చి. రోజూ పొద్దున ఏడింటికి, తన లాండ్రీలో యంత్రాలు తిరగకముందే, పనివాళ్ల మధ్య నిలబడి కళ్లు మూసుకుని, "ప్రభువా, ఈ పాపిని కరుణించు" అంటూ నిన్నటి తప్పులన్నీ దేవుడికి ఒప్పజెప్పేవాడు. అదీ గుట్టుగా కాదు, వివరాలతో సహా. ఇస్త్రీబల్ల దగ్గర పనిచేసే మేనకోడలు సరదాకి పెట్టిన ‘కరుణించు మావయ్య’ అన్న పేరే లాండ్రీలో అందరి నోళ్లకూ అంటుకుంది.

చిక్కేమిటంటే, మనిషి ఒంటరిగా చేసే పాపాలు చాలా తక్కువ. మావయ్య తన పాపం చెప్పుకోబోతే పక్కవాళ్లవి కూడా తోకలా వెంట వచ్చేవి.

"ప్రభువా, నిన్న మన వ్యాన్ డ్రైవరు పెట్రోలు బంకు వెనక నీడలో నిద్రపోతున్నాడు. లేపాల్సింది పోయి నేనూ పక్క సీట్లో ఒరిగాను. నలభై నిమిషాలు. గురక మాత్రం అతనిదే."

డ్రైవరు ఒక కన్ను తెరిచి అత్తయ్య వైపు చూసేవాడు. అత్తయ్య, అంటే మావయ్య భార్య, అప్పటికే రెండు కళ్లూ తెరిచి ఉండేది. లాండ్రీ నడిపేది నిజానికి ఆవిడే. అయినా ఆవిడ వంతూ వచ్చేది.

"నిన్న మధ్యాహ్నం కూర అద్భుతంగా ఉందన్నాను. అది అబద్ధం, ప్రభువా. ఇంకొంచెం వెయ్యమన్నాను. అది రెండో అబద్ధం."

"ఆమెన్" అనేది అత్తయ్య పళ్ల మధ్య నుంచి. ఆ రోజు మావయ్య డబ్బాలో కూర ఉండేది కాదు.

ఒకసారి, "ఎవరిదో ప్యాంటు నడుము చూసి, ఇది ప్యాంటా దుప్పటా అని నవ్వాను, కరుణించు" అని కళ్లు తెరిచేసరికి, తొందరపని మీద వచ్చిన ఆ ప్యాంటు యజమాని ఎదురుగా నిలబడి ఉన్నాడు. "దేవుడు కరుణించాడేమో గానీ నేనింకా ఆలోచిస్తున్నానండీ" అన్నాడాయన.

చివరికి చర్చి పాస్టరుగారే సర్దిచెప్పబోయారు. అంతకు ముందురోజే తన ప్రసంగంలో మావయ్య ఎక్కడ నిద్రపోయాడో, ఎక్కడ లేచాడో వివరాలతో సహా విని ఉన్నారాయన.

"ఆదివారం ఒక్కసారి ఒప్పుకుంటే చాలదా?"

"మీ తెల్లచొక్కా వారానికోసారి ఉతికితే చాలా అయ్యగారూ? పొద్దున తొడిగితే సాయంత్రానికి కాలరు నల్లబడుతుంది. నేనూ అంతే. నాకు ఏ రోజు కరుణ ఆ రోజుకే సరిపోతుంది. నిన్నటిది నిన్ననే వాడేశాను."

ఒప్పుకోలు అయ్యాక ఆయన ముఖం చూసి తీరాలి. మూట దించిన గాడిదలా తేలిగ్గా, ఈల వేసుకుంటూ దుప్పట్ల మధ్య తిరిగేవాడు. మేనకోడలికి మాత్రం ఇదంతా తలవంపులుగా ఉండేది.

"మనసులో చెప్పుకోకూడదా మావయ్యా?"

"మనసులో చెప్పుకుంటే నాకు నేనే డిస్కౌంటు ఇచ్చేసుకుంటానమ్మా."

లాండ్రీకి వచ్చే పనిలో సగం ఒక పెద్ద హోటలుది. పోయిన నెల వాళ్ల దిండుగలీబు ఒకటి కాలితే, అక్కడి మేనేజరమ్మ ఖచ్చితంగా చెప్పేసింది. ఇంకొకటి కాలితే కాల్చినవాళ్లు ఇక్కడ ఉండకూడదు, లేదా మా గుడ్డలు ఇక్కడికి రావు. ఆ గలీబు కాల్చింది మేనకోడలే. భర్తకు పని పోయి మూడు నెలలైంది, వాళ్ల ఇల్లు నడిచేది ఆమె చేతిలోని ఇస్త్రీపెట్టె మీదే. అలాంటిది, ఫోన్లో స్నేహితురాలితో కబుర్లలో పడి, ఈసారి ఏకంగా విందుబల్ల గుడ్డ నడిమధ్యన ఇస్త్రీపెట్టె బొమ్మ దింపేసింది. భయపడి, మచ్చ లోపలికి పోయేలా మడిచి పంపేసింది.

మర్నాడు పదకొండింటికి మేనేజరమ్మ ఆ గుడ్డతో సహా దిగింది. "ఎవరి పని ఇది?"

మేనకోడలు చేతిలోని ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసింది.

"నాదేనమ్మా" అన్నాడు మావయ్య.

"మీరు ఇస్త్రీ కూడా చేస్తారా?"

"ఇదిగో, ఇందుకే చెయ్యనమ్మా."

యజమానినే పనిలోంచి తీసెయ్యమనడం ఎలాగో ఆవిడకు తెలియలేదు. ఇంకెప్పుడూ ఇస్త్రీపెట్టె ముట్టుకోనని ఆయన చేత ఒట్టు వేయించుకుని వెళ్లిపోయింది.

ఆ మర్నాడు ఏడింటికి అందరూ ముందుగానే వచ్చి నిలబడ్డారు. ఇంత పెద్ద సంగతికి ఒప్పుకోలు గంటైనా పడుతుందని డ్రైవరు కుర్చీ కూడా తెచ్చుకున్నాడు. మేనకోడలు అందరికంటే వెనక నిలబడింది.

"ప్రభువా, ఈ పాపిని కరుణించు. నిన్న ఒక అబద్ధం ఆడాను." మావయ్య ఆగాడు. నోరు తెరిచాడు, మూశాడు. వివరాలు గొంతు దాకా వచ్చి, మళ్లీ కిందికి పోవడం అందరికీ కనిపించింది. "మిగతాది నీకు తెలుసు."

"అంతేనా?" అన్నాడు డ్రైవరు ఆశాభంగంతో.

"అంతే."

ఇరవై రెండేళ్లలో ఆయన ఒక్క వివరం కూడా చెప్పని రోజు అదే. ఎవరికోసం ఆ కష్టం పడ్డాడో మేనకోడలికి తెలుసు. ఇన్నాళ్లూ ఆయన తన మరకలన్నీ అందరి ముందూ ఆరేసుకున్నది, ఇంకెవరూ తమ మరక చూసుకుని సిగ్గుతో చచ్చిపోకూడదనే అని ఆమెకు అప్పుడు తోచింది. ఎన్నడూ లేనంత ప్రేమ పుట్టుకొచ్చింది ఆయన మీద.

"ప్రభువా, నన్నూ కరుణించు" అంది గట్టిగా. "ఆ గుడ్డ కాల్చింది నేను. మడిచి దాచిందీ నేనే."

"తెలుసులేవే" అంది అత్తయ్య. "మీ మావయ్యకు ఇస్త్రీపెట్టె ప్లగ్గు ఎక్కడ పెట్టాలో కూడా తెలీదు. వెళ్లి ఆవిడకు ఫోన్ చెయ్యి."

మేనకోడలు ముందుగదిలోకి వెళ్లి ఫోన్ చేసి, ఏమీ దాచకుండా చెప్పేసింది.

"మా గుడ్డలు కాల్చినవాళ్లు ఉండకూడదన్నాను కదా" అంది మేనేజరమ్మ.

"అన్నారండీ."

"ఇకమీద తువ్వాళ్లు మాత్రమే ముట్టుకో. వాటికి ఇస్త్రీ అక్కర్లేదు."

ఆమె తిరిగి వచ్చేసరికి మావయ్య అందరి మధ్యా నిలబడి, కళ్లు గట్టిగా మూసుకుని, మళ్లీ మొదలుపెట్టి ఉన్నాడు.

"ప్రభువా, అమ్మాయి ఫోన్ మాట్లాడుతుంటే తలుపు చాటున నిలబడి విన్నాను. ఇటువైపు మాటలే వినిపించాయి. అవతల ఆవిడ ఏమందో తెలీక ప్రాణం పోతోంది. కరుణించు."

"తువ్వాళ్లు మడతపెట్టుకుంటూ ఇక్కడే ఉండమంది మావయ్యా."

"ఆమెన్" అన్నాడు మావయ్య.