తువాల కింది ధర

డిగ్రీ రెండో సంవత్సరంలో నేనొక ఎద్దును కొన్నాను. కొనాలనుకుని కొనలేదు. అప్పుడు నా దగ్గర బస్సు కిరాయి, ఒక పెన్ను, కాగితాలు పెట్టుకునే అట్ట తప్ప ఇంకేమీ లేవు. జహీరాబాద్‌లో బీకాం చదివినవాళ్లు వీధికి పదిమంది దొరుకుతారు. ప్రాజెక్టు పని మీద పోయి ఎద్దును కొన్నవాణ్ని మాత్రం నేనొక్కణ్నే.

దీనికంతటికీ కారణం ఎకనామిక్స్. మొదటి సంవత్సరం ఆ ఒక్క పేపరూ తప్పాను. నిజానికి నేను బాగానే రాశాను, దిద్దినవాళ్లకు అర్థం కాలేదు. ఆ మాట మా నాన్నతో అంటే ఆయన అన్నం కలుపుతూనే అన్నాడు.

"ఈసారి గూడ తప్పితే కోహీర్‌ల మీ మామ దుకాణంల కూసో. మళ్ల మళ్ల ఫీజులు నేను కట్ట."

మా మామది పురుగుమందుల దుకాణం. మనిషి మంచివాడే కానీ ఆ వాసనకు నాకు పావుగంటలో తలనొప్పి వస్తుంది. జీవితాంతం ఆ డబ్బాల మధ్య కూర్చోవడం ఊహించుకుని నాకు నిజంగానే భయం వేసింది. రాత పరీక్ష మీద నాకు నమ్మకం లేదు. ఇంకో దారి ప్రాజెక్టుకు వేసే ఇరవై మార్కులు. అవి బాగా పడితే గట్టెక్కుతాను, లేకపోతే కోహీర్ బస్సెక్కుతాను.

ప్రాజెక్టు పేరు స్థానిక మార్కెట్ అధ్యయనం. ఏదో ఒక బజారుకు పోయి పది అమ్మకాలు కళ్లారా చూడాలి. వస్తువు ఏది, అమ్మినవాడు ఎవరు, కొన్నవాడు ఎవరు, చివరికి తెగిన ధర ఎంత, ఇవన్నీ పట్టికలో నింపాలి. మా క్లాసులో అందరూ తెలివైనవాళ్లు. ఒకడు బేకరీ అన్నాడు, ఒకతె చీరల దుకాణం అంది. నా బెంచీలో నా పక్కన కూర్చునేవాడు వాళ్ల బావ మొబైల్ దుకాణం అని చెప్పి, దుకాణం గడప తొక్కకుండానే క్యాంటీన్‌లో ఒక చాయ్ తాగేలోపు పట్టిక మొత్తం నింపేశాడు.

నాకు మాత్రం నోటిదురద. ఆ రోజు సార్ సంపూర్ణ పోటీ గురించి చెబుతున్నారు. ఆ బజారులో కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ చాలామంది ఉంటారట, ధర ఎంతో అందరికీ తెలిసి ఉంటుందట. అలాంటి బజారు పుస్తకంలో తప్ప బయట దొరకదు అన్నారు. నేను లేచి నిలబడ్డాను.

"ఎందుకు దొరకది సార్? మన ఎడ్ల అంగడి ఉన్నది గద. అమ్మేటోళ్లు మస్తుమంది, కొనేటోళ్లు మస్తుమంది."

"అట్లనా? అయితే నువ్వు అదే చెయ్" అని సార్ నవ్వారు. ఆ నవ్వును నేను అప్పుడే అనుమానించి ఉండాల్సింది.

వారం అంగడి రోజు పొద్దున్నే పోయి నిలబడ్డాను. రాయికోడ్ వైపు నుంచి, మొగుడంపల్లి నుంచి, బీదర్ దిక్కు నుంచి ఎడ్లు దిగుతున్నాయి. అంతా దుమ్ము, పేడ, అరుపులు. నేను అట్ట గుండెలకు ఆనించుకుని ఒక బేరం దగ్గర చేరాను. అమ్మేవాడు భుజం మీద తువాల తీసి కుడిచేతి మీద కప్పుకున్నాడు. కొనేవాడు తన చెయ్యి ఆ తువాల కిందికి పోనిచ్చాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఒకతను ఆకాశం చూస్తున్నాడు, ఇంకొకతను ఎవరి ఎద్దు తోకనో చూస్తున్నాడు. తువాల మాత్రం లోపల ఉడుతను కట్టేసినట్టు కదులుతోంది. కాసేపటికి చేతులు విడిపోయాయి, ఎద్దు తాడు చెయ్యి మారింది.

"ఎంతకు పోయింది కాకా?" అన్నాను.

"పోయిందిలే" అన్నాడాయన.

రెండో బేరం దగ్గర "నీకెందుకు?" అన్నారు. మూడో చోట నన్ను పన్నుల ఆఫీసు మనిషిననుకుని ఎద్దును తోలుకుని పక్కకు పోయారు. ఎండెక్కేసరికి పది అమ్మకాలు చూశాను. చివరి గడిలో ఒక్క అంకె కూడా లేదు. ధర అందరికీ తెలిసిన బజారు అని నేను క్లాసులో చెప్పిన చోట, పక్కన నిలబడ్డవాడికి కూడా ధర తెలియడం లేదు. నామీద నాకే మండింది.

ఒక ముసలి దళారి నన్ను పొద్దుటి నుంచి చూస్తున్నాడట. తెల్లమీసాలు, ఆకుపచ్చ తువాల. దగ్గరికి వచ్చాడు.

"ఏం రాస్తున్నవ్ బిడ్డా?"

"ధర రాద్దామని తాతా. ఒక్కలు చెప్తలేరు."

"ధర నోట్ల ఉంటదా? చేతిల ఉంటది. చెయ్యి తే ఇటు."

తువాల కప్పి నేర్పాడు. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత, ఐదు దాటితే మళ్లీ పట్టాలి. వేలా, పదివేలా అన్నది నోటితో చెప్పాలి, కానీ 'చిన్నయి', 'పెద్దయి' అని మాత్రమే. ఎదుటివాడి ధర నచ్చకపోతే అరచేతిని వేలితో గీకాలి. బేరం తెగితే ఏం చెయ్యాలో చెప్పబోతుండగా ఎవరో పిలిచారు, వెళ్లిపోయాడు. అదొక్కటే మిగిలిందిలే, అంత పెద్ద విషయం కాదులే అనుకున్నాను.

ఆ వారమంతా నేనూ నా పక్కవాడూ క్లాసులో దస్తీ కింద చేతులు పెట్టి సమోసాల బేరం ఆడుకున్నాం. అదే వారం హైదరాబాద్ నుంచి టై కట్టుకున్న ఒక సార్ వచ్చి వ్యక్తిత్వ వికాసం క్లాసు చెప్పారు. చెయ్యి మెత్తగా ఇచ్చేవాడికి ఆత్మవిశ్వాసం లేనట్టట. చెయ్యి గట్టిగా పట్టాలి, రెండుసార్లు ఊపాలి, కళ్లలోకి చూసి నవ్వాలి. మధ్యాహ్నం మొత్తం మా చేత అదే చేయించారు. మా బెంచీకి మంచి పేరొచ్చింది.

మరుసటి వారం నేను పూర్తి తయారీతో అంగడికి పోయాను. నా ఉపాయం చాలా సులువు. కొనేవాడిలాగా చెయ్యి పెట్టాలి, ధర తెలుసుకోవాలి, వద్దని వచ్చెయ్యాలి. పది చేతులు పడితే పది ధరలు. రాయికోడ్ వైపు నుంచి వచ్చిన ఒక రైతు ఒంటి ఎద్దును పట్టుకుని నిలబడి ఉన్నాడు. తెల్లటి ఎద్దు, ఒక కొమ్ము కొంచెం లోపలికి వంగింది, మెడలో గంట. బీదర్ దిక్కు షావుకారు ఒకతను ధర కుదరక అప్పుడే పక్కకు జరిగాడు. నేను చెయ్యి చాపాను. రైతు నన్ను పైకీ కిందికీ చూసి తువాల కప్పాడు.

ఆయన వేళ్లు పట్టాడు, నాకు అర్థమైంది! నేను గీకాను. ఆయన తగ్గాడు. నేను ఇంకా తగ్గించి పట్టాను. ఆయన కాసేపు ఆగి ఒక వేలు కలిపాడు. ధర నా చేతికొచ్చేసింది. పుస్తకాల్లో లేని విద్య వచ్చేసిందని నాకు ఒకటే సంతోషం. ఇక వెళ్లిపోదామనుకుని, పెద్దమనిషి ఇంతసేపు ఓపిక పట్టాడు కదా అని మర్యాదకు ఆయన చెయ్యి గట్టిగా పట్టాను. రెండుసార్లు ఊపాను. కళ్లలోకి చూసి నవ్వాను.

ఆయన కూడా నవ్వాడు. తువాల తీసి భుజం మీద వేసుకుని ఎద్దు తాడు నా చేతిలో పెట్టాడు.

"మంచిది బిడ్డా. ఎడమ దిక్కు నుంచి పోకు, కొమ్ము ఊపుతది. గంట మాత్రం నేను తీస్కుంట" అని దాని మెడలో గంట విప్పడం మొదలుపెట్టాడు. ముడి గట్టిగా ఉంది. విప్పినంతసేపూ దాని మెడ నిమురుతూనే ఉన్నాడు.

"కాకా, నేను కొనలే" అన్నాను.

"చెయ్యి పిసికి ఊపినవ్ గద" అన్నాడాయన. కోపంగా కాదు, అర్థంకానట్టు.

నలుగురూ మూగారు. ఆ ముసలి దళారి కూడా వచ్చాడు. నేను టై సార్ సంగతి నుంచి మొత్తం చెప్పాను. ఆయన దగ్గు వచ్చేదాకా నవ్వాడు, తర్వాత ఒక్కసారిగా నవ్వు ఆపేశాడు.

"నవ్వుటానికి మంచిగనే ఉన్నది గని, బేరం తెగి మళ్ల విరిగిన ఎద్దుకు ఏదో ఐబు, లోపం ఉన్నదనుకుంటరు. ఇగ ఆ షావుకారు సగం ధర గూడ చెప్పడు."

రైతు గంట చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

దళారి నా చెవిలో చెప్పాడు. "తాడు ఇడ్వకు. నోరు తెర్వకు. ఎవలేమడిగినా మొకం అటు తిప్పు. ఫికర్ జెయ్యకు."

తర్వాత బీదర్ షావుకారును కేకేసి పిలిచాడు. "ఈ పిలగాడు ఖాయం జేసిండు. నీకు గావాలంటే ఇంకొక మాట చెప్పు, అడిగి చూస్త."

షావుకారు నా ప్యాంటూ అట్టా పెన్నూ చూశాడు. "ఎవడీడు?"

"కాలేజోడు."

"కాలేజీకి ఎద్దెందుకయ్యా?"

"నాకేమెరుక? సర్కారు పైసలున్నట్టున్నయ్."

నేను మొహం అటు తిప్పాను. అంతకన్నా గంభీరంగా నేను నా జీవితంలో ఎన్నడూ నిలబడలేదు. దళారి తువాల కింద ఒకసారి షావుకారు చెయ్యి పట్టాడు, ఒకసారి నా చెయ్యి పట్టాడు. నా దగ్గరికొచ్చినప్పుడు ఊరికే చక్కిలిగిలి పెట్టాడు. నవ్వు ఆపుకోవడానికి నేను పడ్డ బాధ ఆ షావుకారుకు మొండితనంలా కనిపించి ఉంటుంది. చివరికి వాళ్లిద్దరి చేతులు గట్టిగా ఊగాయి. తాడు నా చేతిలోంచి షావుకారు చేతిలోకి పోయింది.

డిమాండ్ అంటే కొనాలన్న కోరికా, కొనే స్తోమతా రెండూ ఉండాలని మా పుస్తకంలో ఉంది. నాకు ఆ రెండూ లేవు. అయినా నా వల్ల డిమాండ్ పెరిగింది. ఈ సంగతి పట్టికలో ఏ గడిలో రాయాలో నాకు తెలియలేదు.

రైతు నన్ను పక్కకు పిలిచాడు. నా చేతి మీద తువాల కప్పి, వేళ్లు పట్టి, ఎద్దు ఎంతకు పోయిందో చెప్పాడు. నేను అన్నదానికన్నా కొంచెం ఎక్కువే. నేను వెంటనే పెన్ను తీశాను. ఆయన అరచెయ్యి తెచ్చి నా కాగితం మీద పెట్టాడు.

"నీకు తెల్వాలెనని చెప్పిన. రాయకు."

"నీ పేరు రాయను కాకా."

"పేరు గాదు బిడ్డా. దీని జోడు పోయినేడు సచ్చిపోయింది. ఒంటెద్దుకు ధర రాదు. వాన ముంగటికొచ్చింది, అల్లం పెట్టాలె, విత్తనం కొనాలె. ఆగలేక ఇచ్చిన. గిది నా అక్కెర ధర. నువ్వు రాస్తె గిదే బజారు ధర అయితది. మా ఊరోళ్లయి ఇంకా నాలుగు ఎడ్లు ఆడ నిలబడ్డయ్."

ఆయన చెయ్యి తీశాక కూడా నేను పెన్ను కాగితం మీద పెట్టలేకపోయాను. ఆ తువాల మోసం కోసమని నేను అంతవరకూ అనుకున్నాను. ఒక మనిషి అక్కర నలుగురి కంటా పడకుండా కప్పడానికని నాకు తట్టనే లేదు. ఆయన గంటను తువాలలో మూటకట్టుకుని విత్తనం బజారు వైపు వెళ్లిపోయాడు.

నా పక్కవాడికి ఇదంతా చెబితే వాడు నన్ను వెర్రివాణ్ని చూసినట్టు చూశాడు. "పది అంకెలు ఎయ్‌రా. సారేమన్న అంగడికి పోయి అడుగుతడా?" అన్నాడు. అబద్ధం ఎందుకు, ఇంటికి పోయి పెన్సిల్‌తో పది అంకెలూ వేశాను. చూడ్డానికి చాలా అందంగా ఉన్నాయి. కానీ వాటిని చూసినప్పుడల్లా నా కాగితం మీద పెట్టిన ఆ చెయ్యే గుర్తొచ్చింది. రబ్బరు తీసుకుని అన్నీ చెరిపేశాను.

మార్కులు వేసే రోజు సార్ ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచారు. నా పట్టిక తిప్పి చూశారు. చివరి గడులన్నీ ఖాళీ.

"ధరలేవి?"

"తువాల కింద ఉన్నయ్ సార్."

"ఒక్కటి గూడ తెల్వదా?"

"ఒక్కటి తెలుసు సార్. చెప్పను."

అనడమైతే అన్నాను. కోహీర్ మందుల వాసన అప్పుడే ముక్కుకు తగిలింది. ఆయన కోప్పడే లోపలే జరిగిందంతా గబగబా చెప్పేశాను, ఎద్దు సంగతీ, గంట సంగతీ, అక్కెర ధర సంగతీ. పనిలో పనిగా మా మామ దుకాణం సంగతి కూడా చెప్పేశాను. సార్ ఎద్దు దగ్గర నవ్వారు, తర్వాత నవ్వలేదు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"చెయ్యి ఎట్ల పడ్తరు? చూపియ్" అన్నారు.

జేబులోంచి దస్తీ తీసి తన చేతి మీద కప్పుకున్నారు. నేను చెయ్యి పెట్టి, వేళ్ల లెక్క చూపించాను. ఆయన నా వేళ్లు పట్టి మెల్లగా అన్నారు.

"ఇవి మార్కులు."

గట్టెక్కడానికి ఎన్ని కావాలో నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఆయన పట్టింది దానికి ఒకటి తక్కువ. నేను అరచెయ్యి గీకాను. ఆయన పైన ఫ్యాను వైపు చూశారు. నేను కిటికీ వైపు చూశాను. ఆయన పెంచారు, నేను మళ్లీ గీకాను, ఇంకొంచెం పెంచారు. ఇక ఆలస్యం చెయ్యలేదు. ఆయన చెయ్యి గట్టిగా పట్టి రెండుసార్లు ఊపి, కళ్లలోకి చూసి నవ్వాను.

"ఖాయం" అన్నారు సార్. దస్తీ మడిచి జేబులో పెట్టుకుంటూ, తలుపు వైపు చూసి గొంతు తగ్గించారు. "ఎన్నో బయట చెప్పకు. ఇంకా పన్నెండు మంది నిలబడ్డరు."

బయటికి రాగానే నా పక్కవాడు ఎదురొచ్చి "ఎన్నేసిండ్రా?" అని నా మీద పడ్డాడు. నేను చెయ్యి జేబులో పెట్టుకుని ఆకాశం వైపు చూశాను.