మా తమ్ముని బిడ్డ చేతులు

ఈ నాలుగు పేజీలు ఎందుకు రాయవలసి వచ్చిందో మొదలే చెప్పుకోవాలి. పోయిన నెల జగిత్యాల గ్రంథాలయంలో పాఠకులం కలుసుకునే ఆదివారం సభకు నన్ను పిలిచి, మనిషికి భాష ఎట్లా వచ్చిందన్న విషయం మీద మాట్లాడమన్నారు. నేను చదివింది ఏడో తరగతి, బతుకంతా గడిచింది సిరిసిల్ల సాంచాల మీద. అయినా నలభై ఏళ్లుగా గ్రంథాలయం బెంచీల మీద కూర్చుని సంపాదించుకున్న చదువు నా దగ్గర ఉందని నాకు గర్వమే, దాన్ని దాచుకోను. గంటసేపు మాట్లాడాను. శివుని ఢమరుకం నుంచి అక్షరాలు రాలాయని మన పెద్దలు చెప్పినది, సృష్టిలోని ప్రతి వస్తువు పేరూ దేవుడే తొలి మనిషికి నేర్పాడని ముస్లింలు నమ్మేది, ఆకాశాన్ని అంటే గోపురం కట్టబోయినవాళ్ల భాషలను దేవుడు తారుమారు చేశాడని క్రైస్తవుల గ్రంథంలో ఉన్నది, అన్నీ చెప్పాను. పక్షుల కూతలను అనుకరించబోయి మాటలు పుట్టాయని, కాదు అందరూ కలిసి బరువు లాగేటప్పటి అరుపుల నుంచి పుట్టాయని, అదీ కాదు నోటికన్నా ముందు చేతులే మాట్లాడాయని శాస్త్రజ్ఞులు వాదులాడుకునేదీ చెప్పాను. చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు. తిరుగు బస్సులో ఆ శాలువా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నప్పుడు, చేతులే ముందు మాట్లాడాయన్న ఆ చివరి మాట నా నోటి నుంచి ఎంత తేలికగా వచ్చిందో తలచుకుని దాన్ని తీసి సంచిలో కుక్కాను. ఆ మాట నిజమని తన రెండు చేతులతో చూపించిన మనిషి మా ఇంట్లోనే పెరిగింది. ఆమె సంగతి ఆ గంటలో చెప్పలేదు. చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను.

సాంచా అంటే మరమగ్గం. ఒక్క షెడ్డులో ఇరవై సాంచాలు ఒక్కసారే ఆడుతుంటే పక్క మనిషి చెవిలో అరిచినా వినపడదని, ఆ పని చేసిన నా తోటివాళ్లకు నేను చెప్పనక్కరలేదు. అందుకని మేము చేతులతో మాట్లాడుకునేవాళ్లం. రెండు చూపుడు వేళ్లు కలిపి విడదీస్తే పోగు తెగిందని, మీసం దువ్వితే సేటు వచ్చాడని, మీసం దువ్వి ముక్కు మూసుకుంటే సేటు కోపంగా ఉన్నాడని. మీసమే లేని సేటు వచ్చిన తరువాత కూడా మీసమే దువ్వాము, అది వేరే నవ్వు. పండుగ ముచ్చట్లు, సినిమా కథలు, ఒకరి మీద ఒకరి ఎకసెక్కాలు, అన్నీ చేతులతోనే. పన్నెండు గంటల పని అట్లా గడిచేది. అది కూడా ఒక భాషేనని మాలో ఎవరికీ తోచలేదు. గ్రంథాలయానికి వెళ్లే నాకు అసలే తోచలేదు.

మా తమ్ముడు సాంచా పని వద్దనుకుని మస్కట్ పోయాడు. పోయేనాటికి వాని బిడ్డకు ఎనిమిది నెలలు. ఏడాది నిండినా, రెండేళ్లు నిండినా పిల్ల పలకలేదు. మా అవ్వ, అంటే మా అమ్మ, వసకొమ్ము తేనెలో అరగదీసి నాలుక మీద రాసింది, కొండగట్టుకు తీసుకుపోయి అంజన్న గుడిలో నిద్ర చేయించింది. కరీంనగర్‌లో డాక్టరు చూసి, పిల్లకు వినికిడి లేదని, ఉన్నా చాలా కొంచెమని చెప్పాడు. ఆ 'కొంచెం' అన్న మాటను నేను పట్టుకున్నాను.

పిల్ల మాత్రం ఊరకే లేదు. ఎవరూ నేర్పకుండానే చేతులతో మాటలు చేసుకుంది. పిడికిలి పెదవులకు ఆనిస్తే నీళ్లు, మెడ వంచి వేళ్లు పొడిస్తే కాకి, మోకాళ్లు రుద్దుకుంటే నాయనమ్మ. వాళ్ల బాపును, అంటే తండ్రిని, చూసిన గుర్తు దానికి లేదు. విమానంలో పోయాడని పిల్ల తల్లి, మా మరదలు, ఆకాశం చూపించిందేమో, అరచేతిని మెల్లగా పైకి లేపుకుంటూ పోయి వేలికొసలు చూస్తూ నిలబడితే, అది బాపు. నేను పనికి పోయి వచ్చేసరికి మా అవ్వ, మరదలు, ఆ పిల్ల ముగ్గురూ అట్లా చేతులు ఆడిస్తూ నవ్వుకుంటూ ఉండేవాళ్లు.

ఆ రోజుల్లో గల్ఫ్ నుంచి ఉత్తరాల కన్నా క్యాసెట్లు ఎక్కువ వచ్చేవి. వాళ్లు అక్కడ మాట్లాడి పంపితే మేము ఇక్కడ టేపు రికార్డరు చుట్టూ కూర్చుని విని, అదే క్యాసెట్టు రెండో వైపు మా మాటలు నింపి పంపేవాళ్లం. బిడ్డకు నాలుగేళ్లప్పుడు వచ్చిన ఒక క్యాసెట్టులో తమ్ముడు ఇట్లా అన్నాడు: "అన్నా, నువ్వు సదువుకున్నోనివి. పొల్ల నోట ఒక్కసారి బాపు అనిపియ్యవా? ఈడ అందరి పిల్లలు క్యాసెట్ల ముచ్చట పెడ్తున్నరు. నేనొక్కన్నే మన అవ్వ దగ్గు ఇనుకుంట కూసుంటున్న."

సదువుకున్నోడు అన్న ఆ మాట నన్ను నిలవనీయలేదు. గ్రంథాలయంలో ఒక లావుపాటి పుస్తకం తీసుకున్నాను. అందులో ఒక పాదుషా కథ ఉంది. దేవుడు మనిషికి ఇచ్చిన మొదటి భాష ఏదో తేల్చాలని ఆయన పసిపిల్లలను ఒక భవనంలో ఉంచి, వాళ్ల దగ్గర ఎవరూ నోరు విప్పరాదని ఆజ్ఞ ఇచ్చాడట. కొన్నేళ్లకు చూస్తే వాళ్లకు ఏ భాషా రాలేదు, సైగలు మాత్రమే వచ్చాయట. అక్కడే పుస్తకం మూసేశాను. సైగలకు అలవాటు పడితే నోరు రాదని నాకు అర్థమైంది. జవాబు దొరికిందన్న సంతోషంలో తరువాతి పేజీ తిప్పలేదు.

ఆ రోజు నుంచి ఇంట్లో పిల్ల సైగకు ఎవరూ బదులు ఇవ్వరాదని చెప్పాను. మా అవ్వ ఒప్పుకోలేదు.

"పొద్దంత కార్ఖానల చేతులతోనే ముచ్చట పెడ్తవు గదరా. పొల్ల పెడ్తె తప్పాయెనా?"

"అది వేరే, ఇది వేరే. నీకు తెల్వదవ్వా, పుస్తకంల రాసున్నది."

"గా పుస్తకం రాసినోనికి పిల్లలున్నరా?"

మా మరదలిది బావ ఎదుట నిలబడి మాట్లాడే వరుస కాదు, పైగా భర్త కోరిక. పిల్ల పిడికిలి పెదవులకు ఆనిస్తే నేను ఆ చేతులు రెండూ కిందికి పట్టి, నా గొంతు మీద పెట్టుకుని, నీళ్లు అను అనేవాణ్ని. అనేదాకా గ్లాసు ఇవ్వరాదు. మొదట పిల్ల ఆట అనుకుంది, తరువాత గింజుకుంది, తరువాత నన్ను చూస్తే చేతులు వీపు వెనక్కి పెట్టుకునేది. మూడో నెలలో ఒక ఎండపూట గ్లాసు పట్టుకుని చాలాసేపు ఆపితే, దాని గొంతులోంచి 'బా' అని ఒక శబ్దం వచ్చింది. టేపు రికార్డరు పక్కనే పెట్టుకుని ఉన్నాను కనుక అది పడింది. క్యాసెట్టు పంపాను. మా తమ్ముడు మస్కట్‌లో తన గదిలో ఉన్న మనవాళ్లందరికీ వినిపించాడట, మిఠాయిలు పంచాడట. అది బాపు అన్న మాట కాదని, దాహానికి ఏడ్చిన ఏడుపని నాకు తెలుసు. మా మరదలికీ తెలుసు. ఇద్దరం చెప్పలేదు.

మరుసటి ఏడాది తమ్ముడు సెలవు మీద వచ్చాడు. గడపలో నిలబడి చేతులు చాచాడు. మా అవ్వ వాని వెనక నుంచి పిల్లకు కనపడేట్టు అరచేయి పైకి లేపి, అగో మీ బాపు, చెయ్యి బిడ్డా చెయ్యి అని బతిమాలింది. పిల్ల తండ్రిని చూడలేదు. నా ముఖం చూసింది. చేతులు గౌను కింద దాచుకుంది.

"గిదేందన్నా? క్యాసెట్ల పలికింది గదా?"

నేను చెప్పిన జవాబేమిటో గుర్తు లేదు. పిల్ల నన్ను చూసిన ఆ చూపు గుర్తుంది. ఇప్పటికీ గ్లాసులో నీళ్లు పోసుకుంటుంటే ఒక్కొక్కసారి ఎదురుగా ఉంటుంది. నోటి మాట రాలేదు, చేతి మాటలు పోయాయి. ఆ తరువాత రెండేళ్లు మా ఇంట్లో ఆ పిల్ల దేన్నీ అడగలేదు. ఆకలైతే పళ్లెం దగ్గర కూర్చునేది, అంతే.

ఏడో ఏట కరీంనగర్‌లో చెవిటి పిల్లల బడిలో వేశారు. అక్కడ తనలాంటి పిల్లల గుంపులో పడ్డ నెలకే చేతులు లేచాయని మా మరదలు చెప్పగా విన్నాను. ఆ సంవత్సరమే ఆ లావు పుస్తకం మళ్లీ తీసుకుని, నేను తిప్పని పేజీ తిప్పాను. ఆ పాదుషా పిల్లలు దేవుడివ్వని భాషను చేతులతో తామే కట్టుకున్నారేమోనని, మనిషి మొదటి మాట అట్లాంటిదే కావచ్చునని అక్కడ రాసి ఉంది. సైగలు మాన్పిస్తేనే నోరు వస్తుందని ఆ కాలంలో పెద్ద చదువుల వాళ్లు కూడా అనుకున్నారని తరువాత తెలిసింది. ఆ మాట చాటున నేను దాక్కోలేను. వాళ్లెవరూ పగలంతా సాంచాల మీద చేతులతో మాట్లాడి ఇంటికి వచ్చినవాళ్లు కారు.

జగిత్యాల సభ అయిన మరుసటి వారం కోరుట్ల పోయాను. మా తమ్ముని బిడ్డ అక్కడ బట్టలు కుడుతుంది, భర్త కూడా వినపడని మనిషే. గుమ్మం నుంచి చూస్తే ఫోనులో ఎవరో స్నేహితురాలి ముఖం పెట్టుకుని రెండు చేతులా మాట్లాడుతూ విరగబడి నవ్వుతున్నది. నన్ను చూసింది. చేతులు ఒళ్లోకి దిగిపోయాయి. ఛాయ్ పెట్టి ఇచ్చి ఎదురుగా కూర్చుంది. ఆమె కూతురికి ఆరేళ్లు, నోరూ చేతులూ రెండూ వచ్చు. మా ఇద్దరి మధ్య అది నిలబడింది.

"తాతా, అమ్మతోని ఏమని చెప్పాలె?"

చెప్పవలసింది ముప్పై ఏళ్లుగా నా దగ్గర ఉంది. ఆ పిల్ల చిన్న చేతులతో దాన్ని ఎట్లా మోయించను?

"ఛాయ్ మంచిగున్నదని చెప్పు."

"గింతసేపు ఆలోచించి గిదేనా?" అని అది నవ్వి, తల్లికి చెప్పింది. తల్లి తల ఊపింది.

ఇప్పుడు సిరిసిల్లలో చాలా షెడ్లు మూతపడ్డాయి. ఆడుతున్న వాటిలో పనిచేసేవాళ్లు చెవుల్లో పాటలు పెట్టుకుంటున్నారు, ఎవరి పాట వారిది. మా చేతి మాటలు తెలిసినవాళ్లం పదిమందిమి మిగిలామేమో, కలుసుకున్నా వట్టి నోటితోనే మాట్లాడుకుంటున్నాం.

ఇది రాయడానికి సాయపడినవాళ్లను తలచుకోవడం నా ధర్మం. ఒకటికి రెండు పుస్తకాలు ఇంటికి ఇచ్చిన గ్రంథాలయం నర్సయ్య సారుకు, మరచిపోయిన సైగలను ఒక్కొక్కటిగా గుర్తుచేసిన పక్క సాంచా రఫీ భాయికి, నన్ను ఒక్క మాట అనకుండానే ఈ కథలో నాకు తెలియనివన్నీ చెప్పిన మా మరదలు లచ్చవ్వకు, పుస్తకాన్ని నమ్మక మనవరాలిని నమ్మిన మా అవ్వ రాజవ్వకు నా నమస్కారాలు. చివరి నమస్కారం మా తమ్ముని బిడ్డకు. బారసాలనాడు పెట్టిన పేరు శారద అని కాగితాల మీద ఉంది, కాని ఆమె దాన్ని ఎన్నడూ వినలేదు. ఆమెను ఆమె మనుషులు పిలుచుకునే పేరు చేతితో చేసేది, వేరే ఉందట. అది నాకు తెలియదు. నా ముందు ఎవరూ చేయలేదు.