దగ్గు తీసేసిన సినిమా

తొంభైల్లో కరీంనగర్‌లో ఒకడి దగ్గర వీడియో కెమెరా ఉందంటే వాడు పెళ్లిళ్లు తీస్తాడని అర్థం. నా దోస్తూ పెళ్లిళ్లే తీసేవాడు. నేను కాలేజీలో పౌరశాస్త్రం చెప్పేవాణ్ని, ప్రాథమిక హక్కులన్నీ కంఠస్థం. బెంగుళూరులో ఎవరో చిన్న మానవ హక్కుల చిత్రోత్సవం పెడుతున్నారని, సినిమాలు పంపమని పేపర్లో చూడగానే ఇద్దరం దర్శకులమైపోయాం.

ఊరి బయట గ్రానైట్ క్వారీలో పదేళ్లు పనిచేసిన మనిషి ఒకాయన దొరికాడు. దుమ్ముకు ఊపిరితిత్తులు పాడైపోయాయి. యజమానేమో "వీడెవడో నాకు ఎర్కనే లేదు" అన్నాడట. ఆ మనిషి ఇంటి ముందు మంచం మీద కూర్చుని గంటసేపు చెప్పాడు. మూడు మాటలకోసారి దగ్గు.

ఎడిటింగ్‌లో దోస్తు తల పట్టుకున్నాడు.

"గీ దగ్గు నడుమ నడుమ అడ్డమొస్తున్నది సార్. పెండ్లి కేసెట్ల ఎవలి మాటలన్న ఉంచుతమా? పాటేసి కప్పుతం."

పాటకు నేను ఒప్పుకోలేదు, నాకూ ఒక స్థాయి ఉంది కదా! ఆయన గొంతు మొత్తం తీయించేసి, నేనే వ్యాఖ్యానం చదివాను. "గొంతు లేనివారి గొంతు వినండి" అని మొదలుపెట్టాను. వెనకాల సన్నగా వేణువు. దుమ్ము మింగిన మనిషి సినిమాలోంచి దగ్గు తీసేసిన ఘనులం మేమే అయి ఉంటాం.

ఫారంలో దర్శకుడి ఫోటో అడిగారు. గడ్డం పెరిగేదాకా నాలుగు రోజులాగి దిగాను. కేసెట్లు తిరిగి పంపబడవని కింద రాసి ఉంది. చదివాను కూడా. అయినా తయారైన ఒక్క కేసెట్టూ పంపేశాను, ఆయన మాటలున్న అసలు టేపు దోస్తు దగ్గర ఉందిలే అనుకుని. అతను అప్పటికే దాని మీద ఎవరిదో నిశ్చితార్థం తీసేశాడు. టేపు మళ్లీ మళ్లీ వాడటం వాళ్ల పనిలో మామూలే.

వానలు మొదలయ్యాక ఆ మనిషి చనిపోయాడు. దినాలు అయ్యాక ఆయన భార్య చిన్న కూతుర్ని ఎత్తుకుని కాలేజీకి వచ్చింది.

"సారూ, ఇంట్ల ఫోటో ఉన్నది గని మాట లేదు. పొల్ల బాపు మాట మర్చిపోతున్నది. జర గా కేసెట్ ఇప్పియ్యిండ్రి."

అసలు టేపు సంగతి అప్పుడే తెలిసింది. మా సినిమాలో ఆయన గొంతే లేదని ఆమెకు చెప్పలేక, కదిలే బొమ్మైనా చూపిద్దామని బెంగుళూరుకు మూడు ఉత్తరాలు రాశాను. సిగ్గులేకుండా మొదటిదాంట్లో ఎంపిక సంగతీ అడిగాను. చివరికి కేసెట్ వచ్చింది, ఎంపిక కాలేదన్న రెండు ముక్కల కాగితంతో. ఒళ్లు మండింది. సినిమా అంటే వీళ్లకేం తెలుసని దోస్తు దగ్గర తిట్టాను కూడా.

స్టూడియోలో టీవీ ముందు ఆమెను కూర్చోబెట్టాం. తెర మీద ఆయన పెదాలు కదిలాయి. నా గొంతు వినిపించింది. ఆమె పిల్లతో సహా టీవీకి దగ్గరగా జరిగింది.

"గిది మీరు గదా సారూ?"

అవునన్నాను.

"ఆయన మాట్లాడేది ఎప్పుడొస్తది?"

దోస్తు కంగారుపడి సౌండ్ పెంచాడు. నేనే ఇంకా గట్టిగా వినిపించాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆపెయ్ రా అని అతనికి చెబుదామనుకునేలోపు తెర మీద ఆయన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని వంగిపోయాడు. వేణువు మోగుతూనే ఉంది.

ఆమె ఆ తువ్వాలు మీద వేలు పెట్టింది.

"గిక్కడ దగ్గుతుండు సారూ. మాట లేకుంటే పాయె, గా దగ్గన్న వినిపియ్యిండ్రి."