నాయనమ్మకు జ్యోతి ఫోటో నచ్చింది

దెయ్యం అనే మాట మా ఇంట్లో ఎవరూ పలకరు. నేను పుట్టిందీ మెట్టిందీ ప్రార్థన చేసుకునే ఇళ్ళలోనే. చనిపోయినవాళ్ళు ప్రభువులో నిద్రిస్తారని సండే స్కూల్లో నేర్పారు. నిద్రపోయినవాళ్ళు లేచి తిరగరని నాకు నేనే తేల్చుకున్నాను.

దానికి తోడు బందరులో ఒక పాలిటెక్నిక్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే ఉద్యోగం నాది. కంప్యూటర్లో ఏం జరిగినా దానికో లాగ్, అంటే చిట్టా, ఉంటుంది. లాగ్ లేకపోతే అది జరగలేదన్నమాట. ఇంతకంటే పెద్ద నమ్మకాలు నాకు లేవు. ఇది చదివి 'పాపం, అత్తగారు పోయాక మతి చెదిరింది' అనుకునేవాళ్ళు అనుకోండి. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మా హాల్లో కుట్టుమిషను పక్కన ఒక పాత కంప్యూటర్ రాత్రీ పగలూ నడుస్తూ ఉంటుంది. గుడివాడలో సెకండ్ హ్యాండ్ షాపులో కొన్నాను. దాంట్లో లినక్స్ వేసి, ఒక ఓపెన్ సోర్స్ ఫోటోల సాఫ్ట్‌వేర్ పెట్టాను. అదే మా ఇంటి సర్వర్. మా కుటుంబం ఫోటోలన్నీ అందులోనే ఉంటాయి. ఓపెన్ సోర్స్ అంటే దాని కోడ్ ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. హోటల్ కూరకీ ఇంటి కూరకీ ఎంత తేడానో కంపెనీల సాఫ్ట్‌వేర్‌కీ దీనికీ అంతే తేడా, ఏం వేశారో మనకు తెలుస్తుంది.

దీనికో కారణం ఉంది. ఒకసారి మా మరిది ఫోన్ పోయింది, దాంతోపాటు అతని అకౌంటూ లాక్ అయిపోయింది. పెళ్ళి ఫోటోలూ, పాప పుట్టినప్పటి ఫోటోలూ ఎక్కడో పరాయి దేశంలో ఎవరి మిషన్లలోనో ఉండిపోయాయి. ఎవరికి మొరపెట్టుకోవాలో కూడా తెలియలేదు. అప్పుడే పట్టుబట్టాను, మన ఫోటోలు మన ఇంట్లోనే ఉండాలని. "ఊరంతా కంపెనీ యాప్ ఊరికే వాడుకుంటుంటే కొరివితో తల గోక్కోవడం దేనికి నీకు?" అన్నారు మా ఆయన. గోక్కున్నాను.

కరెంటు పోతే దాని దగ్గరికి పరుగెత్తేది నేను. ఉప్పుగాలికి తుప్పుపట్టిన దాని ఫ్యాను విప్పి తుడిచేది నేను. అందరికీ అకౌంట్లు పెట్టి, పాస్‌వర్డ్ మర్చిపోయిన ప్రతివాళ్ళకీ మళ్ళీ మళ్ళీ చెప్పేది నేను. ఇంత చేస్తే, అందులో మహారాణిలా వెలిగేది మాత్రం జ్యోతి.

జ్యోతి నా తోడికోడలు. మా మరిదికి నాగాయలంకలో రొయ్యల చెరువులున్నాయి. జ్యోతి నెలకోసారి అవనిగడ్డలో బస్సు మారి, శనివారం సాయంత్రానికి మా ఇంట్లో దిగుతుంది. ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్తుంది. ఉన్నంతసేపూ ఫోటోలే. అన్నం వడ్డిస్తే ఫోటో, గోడమీద పిల్లి పడుకుంటే ఫోటో. అన్నీ తెచ్చి నా సర్వర్లో పోస్తుంది.

మా అత్తయ్య రిటైరైన నర్సు. మా దగ్గరే ఉండేవారు. మెచ్చుకోలు నోట్లోంచి రాలిపడే మనిషి కాదు. నేనేం వండినా "ఊఁ, తిన్నాం" అనేవారు. ఆవిడకు ఒక ట్యాబ్ కొనిచ్చి, సర్వర్లో 'నాయనమ్మ' అనే పేరుతో అకౌంట్ పెట్టాను. సాయంత్రం టీ తాగాక కళ్ళజోడు తుడుచుకుని ఫోటోలు చూసేవారు. నచ్చినదాని కింద గుండె బొమ్మ నొక్కేవారు.

ఎవరు ఏది నొక్కినా నా ఫోన్‌కు ఒక లైను వచ్చేట్టు నేనే పెట్టుకున్నాను. ఆ తెలివి నాకెందుకు పుట్టిందో గానీ, రోజూ సాయంత్రం అదే లైను. 'నాయనమ్మకు జ్యోతి పెట్టిన ఫోటో నచ్చింది.'

నా ఫోటో ఒక్కటంటే ఒక్కటి నచ్చలేదు ఆవిడకు. నేను మాత్రం తక్కువ పెట్టానా? మంగినపూడి బీచ్‌లో సూర్యోదయం పెట్టాను. నేను చేసిన క్రిస్మస్ కేకు పెట్టాను. పిల్లల ప్రైజులు పెట్టాను. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు కదా, నేను ఆ చెట్టునే. నెలకోసారి బస్సు దిగే కోడలు ముద్దు, రోజూ కాళ్ళు పట్టే కోడలు చేదు. నాది కుళ్ళు అంటే కుళ్ళే, దాచుకోను. జ్యోతి పేరు కనిపించగానే ఫోన్ బోర్లా పెట్టేసేదాన్ని. ఆ ఫోటో ఏమిటో తెరిచి చూడాలని ఎప్పుడూ అనిపించలేదు.

చివరి ఏడాది అత్తయ్య మంచం మీదే ఉన్నారు. నీళ్ళు పోయడం, తల దువ్వడం, మందులు వెయ్యడం, అన్నీ నేనే. జ్యోతి వచ్చి పక్కన కూర్చుని ఫోటోలు చూపిస్తే నవ్వేవారు. నేను ముద్ద పెడితే నోరు తెరిచేవారు, అంతే. పోయేముందు నాతో ఒక మాట అంటారేమోనని ఎదురుచూశాను. అనలేదు. ఆ మనిషికి నేనంటే ఇష్టం ఉందా లేదా, నాకు తెలియాల్సింది అదొక్కటే. అది తెలియకుండానే ఆవిడను సమాధి చేసి వచ్చాం.

ట్యాబ్ ఆఫ్ చేసి, బీరువాలో ఆవిడ బైబిలు మీద పెట్టి తాళం వేశాను. జ్ఞాపకార్థ కూడిక అయిపోయింది, చుట్టాలు వెళ్ళిపోయారు. నేను కాలేజీకి వెళ్ళడం మొదలుపెట్టాను. ఒక మధ్యాహ్నం ల్యాబ్‌లో పిల్లలు ప్రాక్టికల్ చేసుకుంటుంటే నా ఫోన్ మోగింది.

'నాయనమ్మకు జ్యోతి పెట్టిన ఫోటో నచ్చింది.'

ఇక్కడ నాకు చెమటలు పట్టాయని, కాళ్ళు వణికాయని రాయాలి. అలాంటివేమీ జరగలేదు. నాకు వచ్చిన మొట్టమొదటి ఆలోచన ఇది: పోయాక కూడా దానికేనా?

తర్వాత బుర్ర పనిచేసింది. ఇది జ్యోతి పనే అనుకున్నాను. అత్తయ్య పాస్‌వర్డ్ తెలుసుకుని, తన ఫోటోలకు తనే నొక్కుకుంటోందని. ఆ శనివారం జ్యోతి రాగానే వంటింట్లో అడిగేశాను, "అత్తయ్య పాస్‌వర్డ్ నీ దగ్గరుందా?" అని.

"నా పాస్‌వర్డే నాకు గుర్తుండదు కదక్కా, నెలనెలా నువ్వే చెబుతావు," అంది. అది నిజమే.

అయినా పాస్‌వర్డ్ మార్చేశాను. నాకు కూడా గుర్తుండనంత పొడుగ్గా పెట్టి, ఎక్కడా రాసుకోలేదు. మార్చగానే పాత లాగిన్లన్నీ వాటంతటవే తెగిపోతాయి. అయినా రెండు రోజులకు మళ్ళీ అదే లైను వచ్చింది. లాగ్ తీసి చూశాను. ఆ గుండె నొక్కింది మా ఇంటి వైఫైలోంచే, అత్తయ్య ట్యాబ్‌లోంచే అని ఉంది. బీరువా తీశాను. ట్యాబ్ బైబిలు మీదే ఉంది. చార్జింగ్ అయిపోయి, ఎంత నొక్కినా నల్లగానే ఉండిపోయింది. బీరువా తాళంచెవి నా మెడలో గొలుసుకే ఉంటుంది.

ఇదే పెద్ద కంపెనీ యాప్ అయితే హాయిగా ఉండేది. వాళ్ళ మిషన్లలో ఏదో తిక్క అనుకుని వదిలేసేదాన్ని. కానీ ఇది నా మిషను. దాని తాళాలు నావి. కోడ్ ఉంది, గుండె నొక్కే భాగం మొత్తం కూర్చుని చదివాను. మనిషి లాగిన్ అయి నొక్కితే తప్ప ఆ గుండె ఎర్రబడే దారి అందులో నాకు కనిపించలేదు. నెట్‌లో ఆ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళను అడిగాను. సర్వర్‌లోని గడియారం సరిచూసుకోమన్నారు, చూసుకున్నాను. సరిగ్గానే ఉంది.

ఈ దశలో బుద్ధి ఉన్న మనిషైతే పాస్టరుగారికి చెప్పేది. నేనేం చేశానో తెలుసా? ఎర వేశాను.

అత్తయ్యకు చింతచిగురూ ఎండురొయ్యలూ కలిపి వండితే ప్రాణం. ఆవిడ పద్ధతిలోనే వండి, ఆవిడ పళ్ళెంలోనే పెట్టి, మంచి వెలుతురులో ఫోటో తీసి సర్వర్లో పెట్టాను. సాయంత్రం దాకా ఫోన్ చేతిలోనే పట్టుకు తిరిగాను. ఏమీ రాలేదు. మర్నాడు ఆవిడ నాటిన కనకాంబరాలు పెట్టాను. రాలేదు. ఆ తర్వాత జ్యోతి ఒక ఫోటో పెట్టింది. చిన్నబొమ్మలో చూస్తే మా డాబా మీది విరిగిన బకెట్. దానికి వచ్చింది గుండె.

విరిగిన బకెట్‌కి! ఆ సాయంత్రం కుట్టుమిషను ముందు కూర్చుని ఏడ్చాను. దేనికి ఏడుస్తున్నావని మా ఆయన అడిగితే చెప్పలేకపోయాను. మీ అమ్మ పోయాక కూడా నన్ను చిన్నచూపు చూస్తోందని ఏ మొగుడికి చెప్పగలం?

తుఫాను ముసురు పట్టి కరెంటు వస్తూ పోతూ ఉన్న రోజుల్లో సర్వర్ హార్డ్ డిస్క్ పోయింది. బ్యాకప్ ఉంది కాబట్టి ఫోటోలకు ఢోకా లేదు. ఈసారి కాస్త మంచి కంప్యూటరే కొని అన్నీ దాంట్లోకి ఎక్కించాను. నాయనమ్మ అకౌంట్ తీసేద్దామనుకున్నాను. తీసేస్తే ఆవిడ నొక్కిన గుండెలన్నీ పోతాయి. పోతే పీడా పోతుంది అనుకున్నాను గానీ చెయ్యి రాలేదు. తీసెయ్యకుండా బిగించేశాను. ఇక ఆ పేరుతో ఎవరూ లోపలికి రాలేరు. గుండెలు ఆగిపోయాయి.

కొత్త మిషనుకు బలం ఉంది కదా అని, పాతదాంట్లో ఆపేసి ఉంచిన ఒక సదుపాయం ఆన్ చేశాను. అది ఫోటోల్లో మొహాలు గుర్తుపట్టి, ఎవరివి వాళ్ళకు వేరుచేసి పెడుతుంది. ఆ పని కూడా మన ఇంట్లోనే జరుగుతుంది, మన మొహాలు బయటికి పోవు. నాకు మొహమేముంది, ఫోటోలు తీసేదాన్నే గానీ దిగేదాన్ని కాదు అనుకుంటూ నా మొహం మీద నొక్కాను.

తెర నిండా నేనే. అన్నీ జ్యోతి తీసినవే. దాదాపు అన్నిటికిందా నాయనమ్మ నొక్కిన ఎర్ర గుండె ఉంది.

ఒక్కొక్కటీ పెద్దది చేసి చూశాను. జ్యోతి పాప కేకు కోస్తోంది, వెనక పళ్ళాలు సర్దుతూ నేను. పిల్లి గోడమీద పడుకుంది, దాని అవతల మొక్కలకు నీళ్ళు పోస్తూ నేను. బకెట్ ఫోటో తెరిచాను. బకెట్ వెనక తీగ మీద దుప్పట్లు ఆరేస్తూ, మొహం పక్కకు తిప్పుకుని నేను. గుండె లేని జ్యోతి ఫోటోలు కూడా వెతికాను. చాలా ఉన్నాయి. వాటిలో నేను లేను. నా చింతచిగురు ఫోటోలోనూ, సూర్యోదయంలోనూ నేను లేను.

ఎంతసేపు ఏడ్చానో తెలియదు. అయితే, ఏడుపు ఆగగానే నేను చేసిన పని చెప్పాలి. జ్యోతికి ఫోన్ చేసి రమ్మన్నాను. గెలిచానని చూపించడానికి.

వచ్చింది. సర్వర్ ముందు కూర్చోబెట్టి ఒక్కొక్క ఫోటో చూపించాను. "చూశావా? ఇక్కడా నేనే. ఇక్కడా నేనే," అన్నాను. జ్యోతి అన్నీ చూసింది. చివరికి నెమ్మదిగా అడిగింది, "నేనొక్కదాన్నే ఉన్నదానికి ఒక్కటి కూడా లేదా అక్కా?"

ఇద్దరం కలిసి వెతికాం. చెరువుగట్టు మీద రొయ్యల వల పట్టుకుని నవ్వుతున్న జ్యోతి, కొత్త చీరలో జ్యోతి, బస్సు కిటికీ దగ్గర జ్యోతి. ఒక్కదానికీ లేదు. "పోనీలే అక్కా," అని లేచి, టీ కూడా తాగకుండా బస్సుకు వెళ్ళిపోయింది. ఇన్నాళ్ళూ నా మొహం ఎలా ఉండేదో అప్పుడు జ్యోతి మొహం అలా ఉంది.

నాకు తట్టుకోవడం కష్టమైంది. తాళాలు నా దగ్గరే ఉన్నాయి కదా. నాయనమ్మ అకౌంట్ మళ్ళీ తెరిచి, ఆవిడ పేరుతో జ్యోతి ఫోటోకి నేనే ఒక గుండె నొక్కుదామనుకున్నాను. అబద్ధమే, కానీ ఎవరికి నష్టం? బిగించిన అకౌంట్ విప్పాను. కొత్త పాస్‌వర్డ్ పెట్టి లోపలికి వెళ్ళాను. చెరువుగట్టు మీది ఫోటో తెరిచాను.

గుండె అప్పటికే ఎర్రగా ఉంది.

గంట కిందట ఇద్దరం కళ్ళారా చూశాం, అక్కడ లేదు. ఇప్పుడు నేను విప్పేదాకా ఆ అకౌంట్ బిగించే ఉంది. ఆ గుండె గురించి నా ఫోన్‌కు లైను రాలేదు. లాగ్ మొదట్నుంచీ చివరిదాకా చూశాను, ఏమీ లేదు. నా లెక్క ప్రకారం అది జరగలేదు.

ఇంతలో బస్సులోంచి జ్యోతి ఫోన్. ఏడుస్తోంది, నవ్వుతోంది. "చూశానక్కా. నువ్వే నొక్కావు కదూ?" అంది. కాదన్నాను. ఒట్టేసి చెప్పాను. నమ్మలేదు, ఇప్పటికీ నమ్మదు. ఆ రోజు నుంచి జ్యోతికి నేనంటే ప్రాణం. నేను చెయ్యని మంచిపనికి నాగాయలంక నుంచి నెలనెలా టైగర్ రొయ్యలు వస్తున్నాయి.

తర్వాత మళ్ళీ ఏ గుండే రాలేదు. అదెలా వచ్చిందో నాకు ఈరోజుకీ తెలియదు. తెలిసినవాళ్ళెవరూ చెప్పలేకపోయారు. పాస్టరుగారికి మాత్రం ఇంకా చెప్పలేదు.

కానీ ఆ సాయంత్రం ఆ ఎర్ర గుండె చూసిన వెంటనే నేనేం చేశానో అది మాత్రం నాకు బాగా తెలుసు. ఆ ఫోటోను ఎంత పెద్దది చెయ్యొచ్చో అంత పెద్దది చేసి, జ్యోతి భుజం వెనకా, నీళ్ళలో నీడల్లో, మూలమూలా వెతికాను, ఎక్కడైనా నేనున్నానేమోనని.

లేను.