సర్వరక్క పద్ధతి

“ఆరు వారాలుగా దాని వాడకం గ్రాఫు లేవనే లేదు. చచ్చిన సర్వరుకు కాపలా ఎందుకక్కా? ఇవాళే చెరిపెయ్,” అని కుర్ర మేనేజరు కేకలేస్తున్నాడు. ఆఫీసంతా సర్వరక్క అని పిలిచే ఆవిడ కదల్లేదు. పద్దెనిమిదేళ్లుగా ఆమెది ఒకటే పద్ధతి. ఏ వర్చువల్ సర్వరునైనా ముందు ఆపుతుంది. మూడు నెలలు చూసి, ఎవరూ గోల పెట్టకపోతేనే చెరుపుతుంది. ఏసీ చలికి పగిలిన వేలితో తెర మీద ఏడాది గ్రాఫు చూపించింది. మూడు నెలలకోసారి, ఒక్కరోజు, గీత నిలువునా లేచింది.

“ఎవరిదది?” అన్నాడు. “తెలీదు. ఎవరో వాడుతున్నారు.” “చెప్పినట్టు చెయ్యకపోతే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు.” ఆమె తన లాగిన్ మూసేసి, కీబోర్డు అతని ముందుకు తోసింది. “చెరిపినవాళ్ల పేరు సిస్టమ్ రికార్డులో ఉండిపోతుంది బాబూ. నీ పేరుతో లాగినై, నువ్వే చెరుపు.”