తలకిందుల పెళ్లిచూపులు

పెళ్లిచూపులకు వెళ్లి, పిల్ల తల్లికి మొహానికి బదులు అరికాళ్లు చూపించి వచ్చిన మహానుభావుణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటాను. ఇంకెవరైనా ఉంటే చెప్పండి, ఇద్దరం కలిసి ఏడుద్దాం.

ఎనభైల మొదట్లో మాట. గోదావరి ఒడ్డున బొగ్గుబావిలో నాకు కొత్తగా ఉద్యోగం వచ్చింది. పెద్దపల్లిలో చుట్టాల పెళ్లికి వెళ్తే అక్కడ సుజాత పప్పు వడ్డిస్తోంది. నా విస్తట్లో వేయాల్సిన పప్పు నా చొక్కా మీద వేసి పకపకా నవ్వింది. చొక్కా పాడైపోయింది, నేనూ పాడైపోయాను. చేసుకుంటే ఈ పిల్లనే చేసుకుంటానని మా మేనమామ లింగన్నకు చెప్పేశాను.

సుజాత తండ్రికి వరిపొలాలున్నాయి, తెల్లారకముందే లేచి ఆసనాలు వేసే అలవాటుంది, బొగ్గుబావి అల్లుడంటే మాత్రం మహా భయముంది. "బాయిల పనిచేసేటోనికి దమ్మొస్తది, ఊపిరాడది. నా బిడ్డనియ్య," అన్నాడట. మా మామ నోరు ఊరుకుంటుందా?

"గాయింతదానికి ఫికరెందుకు బావా? మావోడు రోజు పొద్దుగాల శీర్షాసనమేస్తడు. ఊపిరి ఉక్కు లెక్కుంటది."

"అట్లనా? అయితే వచ్చే నెల మొదటి ఐతారం తోల్కరా. నా కండ్ల ముందట ఎయ్యమను."

శీర్షాసనం సంగతి అటుంచండి, మంచం అంచు మీద తల వేలాడేస్తేనే కళ్లు తిరిగే ఘటాన్ని నేను. అయినా సుజాత కోసం బొంత పరిచి, క్వార్టర్ గోడ దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాను.

"మెడ ఇరుగుతది మామా!"

"ఇరగదు."

"ముక్కులకెళ్లి నెత్తురొస్తది మామా!"

"అరేయ్, బాయిల నెత్తిమీద గుట్టంత బొగ్గుంటె భయపడవు. గిప్పుడు నెత్తికింద బొంత ఉంటె భయపడ్తవారా?" అని నా కాళ్లు పట్టి పైకెత్తాడు. నేను పెట్టిన కేకకు, ఎవరికో మూర్ఛ వచ్చిందనుకుని పక్క క్వార్టర్ ఆవిడ తాళంచెవుల గుత్తితో పరిగెత్తుకొచ్చింది.

కొన్నాళ్లు అలాగే గడిచింది. ఒక పొద్దున నేను గోడ పక్కన తలకిందులుగా నిలబడి, "వదలకు మామా!" అని మొత్తుకుంటున్నాను. "వదల్లేరా!" అన్న జవాబు వంటింట్లోంచి వచ్చింది. ఆయన అక్కడ కూర్చుని చాయ్ తాగుతున్నాడు! అంటే నన్ను పట్టుకున్నవాళ్లు ఎవరూ లేరు. నేనే నిలబడ్డాను. నా భయం ఆ రోజుతో పోయింది. ఆ తర్వాత నన్ను కాళ్ల మీద నిలబెట్టడమే మా మామకు కష్టమైపోయింది.

ఆదివారం వచ్చింది. సుజాత వాళ్లింటి హాల్లో చాప పరిచారు.

"ఏదీ, జర ఏసి చూపెట్టు బిడ్డా," అన్నాడు తండ్రి.

వేశాను. గోడ లేదు, మామ చెయ్యి లేదు, అయినా స్తంభంలా నిలిచాను. బెల్‌బాటం ప్యాంటు మోకాళ్ల దాకా జారింది, జేబులోని దువ్వెన ముక్కు మీద పడింది. ఏదీ లెక్కచేయలేదు.

సరిగ్గా అప్పుడే సుజాత చాయ్ కప్పుల పళ్లెంతో వచ్చింది, వెనకాలే వాళ్లమ్మ. ఉన్నచోటి నుంచే ఆశగా చూశాను. నా ప్రాణం ఉసూరుమంది. సుజాత పెదవుల కొసలు కిందికి వంగి ఉన్నాయి. అంతకన్నా ఏడుపు మొహం నేను చూడలేదు. వాళ్లమ్మ మాత్రం నిండుగా నవ్వుతోంది.

"చాలు బిడ్డా, మంచిగేసినవ్, దిగు," అంటున్నాడు తండ్రి సంబరంగా. దిగాను. నెత్తురంతా తలకెక్కి ఉంది, ఆలోచనకు చోటు లేదు, మళ్లీ వాళ్ల మొహాలు చూసే ధైర్యమూ లేదు.

"పా మామా, పోదాం."

"గప్పుడే యాడికిరా? చాయన్న తాగలే!"

"పిల్లకు నేను నచ్చలే. మొకం చూస్తె తెలుస్తలేదా? ఆమెను పరేషాన్ చేసుడెందుకు? పాపం, వాళ్లవ్వ ఒక్కతే నవ్వుకుంట చూసింది."

సుజాత తల్లి కొంగు నడుముకు దోపింది.

"నేను నవ్విన్నా? చూసుకోను వచ్చిన పిలగాడు అరికాళ్లు నా మొకానికి వెట్టి నిలవడితె నాకు నవ్వెట్లొస్తదయ్యా?"

మామ తల పట్టుకున్నాడు. నేను చెప్పుల కోసం గుమ్మం వైపు చూశాను. సంబంధం గోదాట్లో కలిసినట్టే. నిజంగానే ఏడుపొచ్చింది.

అప్పుడు పళ్లెంలో కప్పులు గలగలమన్నాయి. సుజాత ఆపుకోలేక నవ్వుతోంది.

"బాపూ, గాయిన మమ్ములను తలకిందులు చూసిండు! నా నవ్వును ఏడుపనుకున్నడు, అవ్వ కోపాన్ని నవ్వనుకున్నడు." ఆ తర్వాత నా వైపు తిరిగింది. "ఇగ సక్కగ నిలవడ్డరు గద, ఇప్పుడు చూడుండ్రి."

చూశాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది, సంతోషంతో బతకాలనిపించింది. తండ్రి మీసాలు దువ్వుకుంటూ తీర్పు చెప్పాడు: "ఊపిరి మంచిగనే ఉన్నది. కండ్లే జర డాక్టరుకు చూపియ్యాలె."

పెళ్లయింది. ఇప్పటికీ సుజాత మూతి ముడుచుకుని కూర్చుంటే, "కోపమా?" అని అడుగుతాను వణుకుతూ. "శీర్షాసనమేసి చూడుండ్రి, నవ్వినట్టె కనబడ్త," అంటుంది.

కాబట్టి పాఠక దేవుళ్లారా, మీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నాకు ఇల్లాలిని తెచ్చిపెట్టిన ఆసనం గనక దాన్ని మానను. కానీ నా తల నేల మీద ఉన్నంతసేపు మా అత్తగారి వైపు చూడను. పొరపాటున చూసినా, ఆమె నవ్వుతున్నట్టు కనబడితే మాత్రం దిగను.